ఒబురిన్ సంబరానికి ఎంతమంది వచ్చారు

"రాయవయ్యా సెక్రెటరీ, రాయి. పోయినేడాది సంబరానికి ఎంతమంది వచ్చారని కదా అడిగాడు? అయిదొందలని రాయి. ఆగాగు. అయిదొందలమందైతే మనూళ్లో ఫుట్‌బాల్ ఆటకి కూడా వస్తారు. అక్కడ ఖాళీ వదిలెయ్. ముందు జరిగింది చెబుతాను విను, విన్నాక అంకె నీకే తెలుస్తుంది."

ఇలుకోర్ మాస్టారు ఇలా మొదలుపెట్టారంటే ఇక ఆపేవాడు లేడు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి అసెకెన్యె అక్క ఇంటి ముందు కుండ చుట్టూ కూర్చున్నాం. కుండలో అజోన్, అంటే మా రాగుల కల్లు, నురగ కడుతోంది, ఎవరి పొడుగాటి గొట్టం వాళ్ల నోట్లో ఉంది. నా చేతిలో మాత్రం గొట్టం బదులు పెన్ను ఉంది, ఒళ్లో ఎనిమిది పేజీల ఫారం ఉంది. రాజధాని కంపాలాలో ఏదో సాయమిచ్చే సంస్థ పంపింది. సోమవారంలోగా నింపి పంపితే మా ఒబురిన్ సాహిత్య సంబరం ఈ ఏడాది ఉంటుంది, లేకపోతే లేదు. ఏడేళ్లు చందాలతోనూ, కోళ్లతోనూ, ఒకరినొకరు తిట్టుకుంటూనూ నడిపాం. ఎనిమిదో ఏడు హాలు అద్దెకే దిక్కు లేదు. మాస్టారు సంబరానికి అధ్యక్షులు. నేను ఫోటోకాపీ కొట్టు పెట్టుకున్నవాణ్ణి, సంబరానికి కార్యదర్శిని, అంటే తిట్లు తినేవాణ్ణి.

"ఆ ఏడో ప్రశ్న ఇంకోసారి చదువు," అన్నారు మాస్టారు.

చదివాను. మీ సంబరం వల్ల సమాజంలో ఎంత శాతం మార్పు వచ్చింది అని ఉంది.

"శాతం. విన్నారా? కవిత చదివితే ఊరు ఎంత శాతం మారిందో కొలిచి చెప్పాలట. నా దగ్గర తూనికరాయి ఉందా? పదకొండోది చదువు."

మేము సాయం ఆపేశాక మీ కార్యక్రమం ఎలా నిలబడుతుంది అని ఉంది పదకొండోది.

"ఇంకా ఒక్క షిల్లింగు ఇచ్చినవాడు కాదు, అప్పుడే ఆపేశాక సంగతి అడుగుతున్నాడు. పెళ్లిచూపులకొచ్చి, నేను పోయాక ఎలా బతుకుతావమ్మా అని అడిగినట్టుంది. ఎలా నిలబడుతుందా? ఏడేళ్లుగా నా మెడ మీద నిలబడింది. అదే రాయి. ఎత్యాంగ్, నువ్వు నవ్వకు. నీ కుర్చీల దగ్గరే మొదలుపెడుతున్నా."

ఎత్యాంగ్ మా ఊళ్లో కుర్చీలూ టెంట్లూ అద్దెకిచ్చే ఆసామి. పెళ్లికైనా చావుకైనా ఆయన కుర్చీల మీదే కూర్చోవాలి. మనిషి భారీగా ఉంటాడు, మాట మాత్రం పొదుపు. గొట్టం నోట్లోంచి తియ్యకుండానే తల ఊపాడు.

"సంబరం శనివారం. శుక్రవారం సాయంత్రం రేడియోలో చావు కబురు. పెద్దాయన ఎమోరుత్ పోయాడు, రేపు నాలుగింటికి పూడ్చిపెడతాం, బంధుమిత్రులంతా రావాలి అని. నాకు ఒళ్లు మండిపోయింది. మనూళ్లో శనివారం మనిషన్నవాడు ఏదైనా పెట్టుకోవచ్చా? కూడదు. శనివారం చచ్చినవాళ్లది. మరి ఆ తేదీ ఎవడు పెట్టాడో ఈ సెక్రెటరీనే అడగండి."

"మీరే పెట్టారు మాస్టారూ. నేను వద్దన్నాను," అన్నాను.

"పెట్టాను. చావులు నాకు చెప్పి వస్తాయా? సరే. తెల్లారకుండానే సైకిలెక్కి ఈ ఎత్యాంగ్ ఇంటికి వెళ్లాను. రెండొందల కుర్చీలూ చావింటికి చెప్పేశారు, ఒక్కటి లేదన్నాడు. నేను ఏడవలేదు, బతిమాలలేదు. ఒక్క చూపు చూశాను. అంతే, చేతులు వణికాయి, నలభై కుర్చీలు తీసి నా ముందు పెట్టాడు."

"నా చేతులు వణకలేదు," అన్నాడు ఎత్యాంగ్.

"వణికాయి. నువ్వు చూసుకోలేదు. ఆ నలభై కుర్చీలూ నా సైకిలు వెనకాల ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్క తాడు కట్టి, ఒక్క విడతలో తెచ్చాను. దారిలో ఒక గద్ద వచ్చి అన్నిటికన్నా పై కుర్చీలో కూర్చుంది. చెట్టనుకుంది పాపం. హాలు దాకా మాతోనే వచ్చింది. మొదటి వరసలో మూడో కుర్చీ, కార్యక్రమమంతా అక్కడే కూర్చుని విన్నది. దాన్ని కూడా లెక్కలో రాసుకో సెక్రెటరీ, జనం అంటే మనుషులే అని ఫారంలో ఎక్కడా లేదు."

"కుర్చీలు నా బండిలో వచ్చాయి కదా," అని ఎత్యాంగ్ గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. కుండ దగ్గర మాస్టారి మాటకి అడ్డు తగలడమంటే రోడ్డు మీద లారీకి చెయ్యి అడ్డం పెట్టడమే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొమ్మిదింటికి చావింటినుంచి మనిషొచ్చాడు. మూడింటికల్లా కుర్చీలు వాపసు కావాలి, పెద్దలు నిలబడి ఉంటారా అని గొడవ. వీడితో నాకేమిటి మాట అనుకుని తిన్నగా చావింటికే వెళ్లాను. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. వాళ్లని దాటుకుని లోపలికి వెళ్లి, పెద్దాయన మంచం పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. 'ఎమోరుత్, నీకిప్పుడు తొందరేముంది చెప్పు? తొందరంతా బతికున్నవాళ్లది. నా కవులు పన్నెండు మైళ్లు నడిచి వచ్చారు, రాత్రి నిద్ర కూడా లేదు. నీ పని ఒక అరగంట వెనక్కి జరుపుకో' అన్నాను. మర్యాదగానే అన్నాను. దుప్పటి కొంచెం కదిలింది."

"గాలికేమో," అన్నాడు ఒమోదింగ్. అతను బోడా బండి నడుపుతాడు. సరుకైనా మనిషైనా ఆ మోటారుసైకిలు వెనకాలే ఊరంతా తిరుగుతుంది.

"గాలి మాట్లాడుతుందా? ఎమోరుత్ మాట్లాడాడు. 'అరగంటేం సరిపోతుంది మాస్టారూ, కవులు చెప్పిన టైముకి ఆపరు. నన్ను అయిదింటికి పూడ్చండి' అన్నాడు. అని మళ్లీ పోయాడు. మీలో ఎవరైనా కాదంటారా? అతన్ని పూడ్చింది అయిదింటికా కాదా?"

అయిదింటికే. అది ఊరంతా ఎరుగును. ఎత్యాంగ్ గొట్టం వదిలేసి కుండలోకి చూడబోయి, తాగేటప్పుడు కుండలోకి తొంగిచూడటం మర్యాద కాదని గుర్తొచ్చి, తల పక్కకి తిప్పుకున్నాడు.

"చచ్చినవాడికి ఉన్న ఇంగితం బతికున్న ఆ ముఖ్య అతిథికి లేదు. పేరు చెప్పను. ఆ పేరు ఇక్కడ అంటే ఈ కుండ పులిసిపోతుంది. మనవాడే, ఈ మట్టిలో పుట్టినవాడే, కంపాలాలో పెద్ద కుర్చీ దొరికాక మన భాష మర్చిపోయాడు. పదింటికి వస్తానన్నాడు. పదింటికి."

"ఆయన రాకపోతే ఏం మునిగింది? మొదలుపెట్టేస్తే సరిపోయేదిగా," అన్నాడు ఒమోదింగ్.

మాస్టారు గొట్టం తీసి అతని వైపు తిరిగారు.

"ముఖ్య అతిథి లేకుండా మొదలుపెట్టడమా? నీ పెళ్లి పెళ్లికూతురు లేకుండా జరిగిందా? మొదటి వరస మధ్యలో గుడ్డ తొడిగి రిబ్బను కట్టిన కుర్చీ ఖాళీగా ఉంటే, దాని ముందు నిలబడి కవిత ఎలా చదువుతారురా? ఏ ఊళ్లోనైనా ఎప్పుడైనా చూశావా? ఎదురు చూశాం. పదింటికి ఏదో హారను వినిపించింది. అందర్నీ లేపాను. దేశగీతం, తూర్పు ఆఫ్రికా గీతం, మన తేసో జాతి గీతం, మూడూ పాడాం. తీరా చూస్తే పాల వ్యాను. కూర్చున్నాం. మళ్లీ హారను. మళ్లీ లేచి మూడూ పాడాం. అది కోళ్ల లారీ. అలా ఇరవై ఏడుసార్లు. ఆ హాలు గోడలకి పాట వచ్చేసింది. ఇప్పుడు కూడా వెళ్లి తలుపు తీసి చూడండి, లోపల ఎవరూ లేకుండానే రెండో చరణం వినిపిస్తుంది. అంతసేపు కూర్చోబెట్టాడు మమ్మల్ని ఆ దొర. ప్రేమ కవిత చదవడానికి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు. వాడు ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ, పక్క కుర్చీలో కూర్చున్న ఆ పిల్లనే పెళ్లాడి, పోట్లాడుకుని, విడిపోయి, తన వంతు వచ్చేసరికి అదే కాగితం మీద విరహం రాసుకోవాల్సొచ్చింది."

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆయన కోతలు కోస్తున్నప్పుడు నవ్వరు. అబద్ధం ఎంత పెద్దదైతే మొహం అంత ఎర్రబడుతుంది, లోపల ఉన్న కోపం మాత్రం నిజమే కాబట్టి. ఏడేళ్లు కాళ్లరిగేలా తిరిగిన మనిషి. జిల్లా ఆఫీసు మెట్ల మీద ఆయన్ని కూర్చోబెట్టి, సాహిత్యానికి పద్దు లేదు, ఫుట్‌బాల్‌కి ఉంది అని చెప్పి పంపినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నారు.

అసెకెన్యె అక్క వేడినీళ్ల కెటిల్ తెచ్చి కుండలో పోసింది. ఆమె మాస్టారికి వదిన వరస, ఆయన పెదనాన్న కొడుకు భార్య. భర్త పోయాక అజోన్ కాచి ముగ్గురు పిల్లల్ని చదివించింది. పోసి వెళ్లిపోకుండా కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడింది.

"వదినా, నువ్వూ విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒంటిగంట. ఇక నా ఓపిక అయిపోయింది. ఈ ఒమోదింగ్ బోడా బండి తీసుకుని, దొరగారు ఎక్కడున్నాడో చూద్దామని బయలుదేరాను."

"నా బండి మీరు ఎప్పుడు తీసుకున్నారు?"

"నువ్వు నిద్రపోతున్నప్పుడు. అవోజా చిత్తడి దగ్గర దొరికాడు. కారు బురదలో తలుపుల దాకా దిగిపోయింది. నలుగురు పోలీసులు గట్టు మీద నిలబడి ఫోన్లు చేసుకుంటున్నారు. దొరగారు కారు పైకెక్కి కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. నేను పోలీసుల్ని పక్కకి తప్పుకోమని, గట్టు మీద నిలబడి, నా ఆవు కవిత ఎత్తుకున్నాను. నూట నలభై చరణాలు. మొదటి చరణానికి కప్పలు నోరు మూశాయి. ఇరవయ్యో చరణానికి జమ్ము రెండు పక్కలకీ ఒరిగి దారిచ్చింది. అరవయ్యో చరణం దగ్గర నీళ్లు కదిలి నీటిగుర్రాలు లేచాయి, ఒకటి కాదు, పద్నాలుగు. కళ్లనిండా నీళ్లు. వచ్చి కారు వెనక భుజాలు ఆనించి ఒక్క తోపు తోశాయి. కారు ఎగిరి రోడ్డు మీద పడింది."

"ఇంకా ఎనభై చరణాలున్నాయని తెలిసి తోసి ఉంటాయి," అన్నాడు ఒమోదింగ్.

"నీటిగుర్రానికి ఉన్న రుచి నీకు లేదు. కారు ఎక్కాక దొరగారు నాతో అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? థాంక్స్ అనలేదు. ఆలస్యమైంది అనలేదు. 'ఫోటోలు తీసేవాళ్లు వచ్చారా' అన్నాడు. అప్పుడే తన్ని మళ్లీ బురదలోకి దింపాల్సింది. దింపలేదు. ఎందుకు దింపలేదో రాసుకో సెక్రెటరీ, పదకొండో ప్రశ్నకి జవాబు అదే. ఇలాంటివాళ్లని తన్నకుండా ఊరుకోవడం వల్లే మా కార్యక్రమం నిలబడుతోంది."

రాయలేదు. రాస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

"రెండున్నరకి ఊళ్లోకి తెచ్చాను. తెచ్చేసరికి ఏముంది? హాలు పట్టక జనం రోడ్డు మీదికొచ్చారు. మామిడిచెట్ల మీద కొమ్మకి పదిమంది. ఇటు లేక్ క్యోగా దాకా, అటు కొండ దాకా తలకాయలే. అయిదు వేలని రాయి. కాదు, నలభై వేలు. ఇంతలో తూర్పునుంచి దుమ్ము లేచింది. ఏమిటా అని చూస్తే పశువుల దొంగలు. మూడొందలమంది, తుపాకులతో. మనూరి మందలు తోలుకుపోదామని వచ్చారు. జనం పారిపోబోయారు. 'కూర్చోండి' అన్నాను. దొంగల నాయకుడితో 'నువ్వు కూడా కూర్చో' అన్నాను. కూర్చున్నాడు. తుపాకీ ఒళ్లో పెట్టుకుని మా కవులు చదువుతున్నది విన్నాడు, విన్నాడు, ఇక తట్టుకోలేక బావురుమన్నాడు. సాయంత్రం వెళ్తూ వెళ్తూ, ఎప్పుడో మన తండ్రుల కాలంలో తోలుకుపోయిన ఆవుల్ని కూడా తెచ్చి ఒక్కొక్కటీ ఎవరి దొడ్లో వాళ్లకి కట్టేసి, తలొక్క దూడని అదనంగా ఇచ్చి, పుస్తకం మీద నా సంతకం పెట్టించుకుని మరీ వెళ్లాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు గమనించలేదు. ఆయన కంఠం హాలు దాకా వినపడుతోంది.

"అప్పుడు మబ్బు పట్టింది. జిల్లా ఆఫీసువాళ్లే పంపి ఉంటారు, నాకు అనుమానం లేదు. నల్లగా, ఏనుగులా, సరిగ్గా హాలు మీదికొచ్చి ఆగింది. నేను బయటికొచ్చి, వేలు చూపించి, మూడు భాషల్లో తిట్టాను. ఆ తిట్లు ఆడవాళ్ల ముందు చెప్పకూడదు. మబ్బు సిగ్గుపడి పక్క జిల్లాకి పోయింది. ఆ వారం అక్కడ వరదలొచ్చాయి, పేపర్లో చదివారుగా. ఆకాశంలో పోతున్న విమానం కూడా ఆగింది. అందులోవాళ్లు కిటికీలు తీసి విన్నారు. వాళ్లని కూడా కలుపుకో. అదంతా పోనీ, నేను చెప్పేది ఒక్కటే. పొద్దుట పదింటి నుంచి సాయంత్రం దాకా, చిట్టచివరి మనిషి చిట్టచివరి మాట చదివేదాకా, ఒక్కడంటే ఒక్కడు కుర్చీలోంచి లేవలేదు. లక్షా ఇరవై వేలు. రాయి. ఇప్పుడు ఇవ్వమను చూద్దాం సాయం, ఎలా ఇవ్వడో."

రాశాను. అప్పటికే ఆ గడిలో అయిదొందలు కొట్టేసి ఉంది, అయిదు వేలు కొట్టేసి ఉంది, నలభై వేలు కొట్టేసి ఉంది. కాస్త మిగిలిన చోట లక్షా ఇరవై వేలు ఇరికించాను.

"చిట్టచివర చదివింది ఎవరు మరిదీ?" అంది అసెకెన్యె అక్క.

మామూలుగానే అడిగింది. మాస్టారు గొట్టం నోట్లో పెట్టుకుని ఒక గుక్క పీల్చి, "కంపాలా నుంచి వచ్చాడు కదా, ఆ కళ్లద్దాల రచయిత," అన్నారు.

"ఆయన ముఖ్య అతిథి కంటే ముందే వెళ్లిపోయాడు. ఆకలేస్తోందని."

"అయితే ఆ టీచరమ్మ."

"ఆమె చదవనే లేదు. వేళయిపోయిందని నువ్వే ఆపేశావు."

"ఎవరైతే ఏమిటి వదినా, సంబరం మొత్తం నా తల మీద..."

"నేను చదివాను."

మాస్టారు గొట్టం వదిలేశారు. అది కుండ అంచుకి ఆని అలాగే నిలబడింది.

"పదకొండు నెలలు రాశాను," అంది అసెకెన్యె అక్క. ఆమె గొంతు పెరగలేదు. చేతిలో కెటిల్ మాత్రం పక్కకి ఒరిగింది, అందులోంచి నీళ్లు ఆమె కాలి పక్కనే పడుతున్నాయి. "నలభై రెండేళ్ల వయసులో నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది ఎవరు? నువ్వే. రాయి వదినా, మనవాళ్లు మన భాషలో రాయకపోతే ఎవరు రాస్తారు అని ఈ కుండ దగ్గర కూర్చుని చెప్పింది ఎవరు? నువ్వే. సరేనని రాశాను. అజోన్ కాచే పని మూడు రోజులు ఆపేసి, నలుగురిలో పైకి చదవడం నేర్చుకున్నాను, మా మేకలకి చదివి వినిపించాను. ఆ రోజు తెల్లారకుండా వచ్చి హాల్లో కూర్చున్నాను. పదింటి నుంచి ఇంకో నాలుగున్నర గంటలు. ఆ రిబ్బను కుర్చీని చూస్తూ."

"అది మర్యాద వదినా, ముఖ్య అతిథి రాకముందు..."

"ఉండు. నువ్వు చాలాసేపు మాట్లాడావు. ఆయన వచ్చాడు. ముప్పావు గంట తన గురించి మాట్లాడాడు. నువ్వు లేచి ఏమన్నావో నాకు ప్రతి మాటా గుర్తుంది. ముఖ్య అతిథికి అర్థం కాదు కాబట్టి మన భాషలో చదివేవాళ్లు చివర్లో చదువుతారు, తలా రెండు నిమిషాలు అన్నావు. మన భాషలో చదివేదాన్ని నేనొక్కదాన్నే. భోజనాలన్నావు. అందరూ లేచారు. కోడి కందనకాయ ముఖ్య అతిథి పళ్లెంలోనే పడాలని వడ్డించే ఆడవాళ్లకి తెలియదనుకున్నావేమో, భోజనాల చోటికి నువ్వు కూడా ఆయన కారెక్కి వెళ్లిపోయావు. నేను పుస్తకం తెరుచుకుని నిలబడి ఉన్నాను, నీ వెనకాలే."

ఆ పక్క ఇంట్లో ఎవరో రాగులు విసురుతున్నారు, ఆ చప్పుడు వినిపిస్తోంది.

"ఏం చదివానో నీకు తెలుసా? తెలియదు. మా అమ్మ గురించి. దొంగలొచ్చి ఆవుల్ని తోలుకుపోయిన ఏడాది గురించి. పంతొమ్మిది ఆవులు. ఆ తర్వాత మా అమ్మ రోజూ పాలు పితికే వేళకి ఖాళీ దొడ్లోకి వెళ్లి ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచేది. చచ్చేదాకా పిలిచింది. ఆ పంతొమ్మిది పేర్లూ నేను రాశాను, నాకు గుర్తున్నాయి కాబట్టి రాశాను, నేను పోతే ఎవరికీ గుర్తుండవు కాబట్టి రాశాను. ఇప్పుడు నువ్వు నా ఇంటి ముందు కూర్చుని, నా కుండలో తాగుతూ, ఆ దొంగలు ఆవుల్ని వాపసు తెచ్చి కట్టేశారని చెబుతున్నావు. దూడల్ని కూడా ఇచ్చారా? మా దొడ్లో ఎవరూ కట్టలేదు మరిదీ."

మాస్టారు ఏదో అనబోయారు. ఎత్యాంగ్ అడ్డొచ్చాడు. ఆ మనిషి ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పూడ్చడం అయిదింటికి ఎందుకైందో నేను చెబుతాను. కుర్చీల కోసం మూడింటికి వచ్చి, ఉపన్యాసం అయ్యేదాకా బయటే నిలబడ్డాను. లోపలికొచ్చేసరికి ఈమె చదువుతోంది. మూడు వరసలు మడిచాను. ఇంతలో ఆవుల పేర్లు మొదలుపెట్టింది. నాలుగో పేరు దగ్గర నేనూ ఒక కుర్చీ మీద కూర్చున్నాను. నాతో కుర్చీలు మోసే ముసలాయనా కూర్చున్నాడు. ఎమోరుత్ కొడుకు ఫోన్ చేసి బూతులు తిట్టాడు, నాన్నని ఎండలో పెట్టుకుని నిలబడ్డాం, నీ కుర్చీలేవీ అని. తిట్టించుకున్నాను. మధ్యలో ఎలా లేస్తాం? మా నాన్న ఆవులు కూడా ఆ ఏడాదే పోయాయి. అయిపోయాక ఇంకోసారి చదవమన్నాను. చదివింది. అందుకైంది ఆలస్యం. చచ్చినవాడు ఎవడితోనూ ఏమీ అనలేదు."

"అప్పుడు ఇంకెవరున్నారు?" అన్నారు మాస్టారు. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

నేను తల దించుకున్నాను. నేనున్నాను. హాజరు పుస్తకం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, ఆ పంతొమ్మిది పేర్లూ రెండుసార్లు విన్నాను. రెండోసారి ఏడ్చాను కూడా. అయినా ఇప్పటిదాకా మాస్టారు చెప్పిన ప్రతి అంకే నోరెత్తకుండా రాస్తూ కూర్చున్నాను. ఫారం పోతే సంబరం పోతుందన్న భయంతో రాశాను. అదే భయంతో ఆయన ఆ రిబ్బను కుర్చీకి దణ్ణం పెడుతున్నారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"సెక్రెటరీ ఉన్నాడు," అన్నాడు ఎత్యాంగ్ నా బదులు.

"ఈసారి నీకు మొదటి వరసలో కుర్చీ వేయిస్తాను వదినా," అన్నారు మాస్టారు. "గుడ్డ తొడిగిన కుర్చీ. మొట్టమొదట నువ్వే చదువుదువుగాని. పెద్ద ముఖ్య అతిథిని పిలుస్తాను, ఇంకా పెద్దవాణ్ణి..."

"నాకు కుర్చీ ఎందుకు? నేను నిలబడే చదువుతాను. కుర్చీల్లో మనుషులు కావాలి. నువ్వు కావాలి. పెద్దవాణ్ణి తెస్తే మళ్లీ వాడి వెనకాలే పోతావు."

మాస్టారు చెయ్యి చాపి నా ఒళ్లోంచి ఫారం లాక్కున్నారు. చింపేస్తారనుకున్నాను. ఆ గడి వైపు చూస్తూ కూర్చున్నారు. నేను కొట్టేసిన అంకెలు ఒకదాని కింద ఒకటి, కింద మిగిలిన లక్షా ఇరవై వేలు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని దాన్ని కూడా ఆయనే కొట్టేశారు, కాగితం చిరిగేంత గట్టిగా. ఫారం నా ఒళ్లో పడేశారు.

"మూడు అని రాయి."

"మూడు అని రాస్తే వాళ్లు పైసా ఇవ్వరు మాస్టారూ," అన్నాడు ఒమోదింగ్. "సంబరం పోతుంది."

"పోతే పోనీ. మూడు అని రాయి," అన్నారు మాస్టారు నాతోనే, అతని వైపు చూడకుండా. "నువ్వు, ఎత్యాంగ్, మోసే ముసలాయన. నన్ను కలపకు."